బ్రేకు బాగానే ఉందట

జూన్ 3, మంగళవారం

ఈ రోజు బ్రేకు పట్టలేదు.

నేను తయారుచేసే కట్టుడు పళ్ళ సెట్లు వేడినీళ్ళలో ఉడుకుతున్నాయి. అవి గట్టిపడేదాకా నాకు చేతిలో పనుండదు. పని లేకపోతే ఆ లారీ వెనకభాగం వచ్చి కళ్ళముందు నిలబడుతోంది. ఎవరికీ చెప్పుకునే మాట కాదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా ఆయన్ని ఫిజియోథెరపీ నుంచి తీసుకొస్తున్నాను. పక్క ఊరి నుంచి వచ్చే రోడ్డు మీద సిగ్నల్ దగ్గర లారీ ఆగింది. నేనూ తొక్కాను. తొక్కాననే అనుకున్నాను. కారు ఆగలేదు సరికదా, గుర్రుమని ఇంకా ముందుకు పోయింది. హ్యాండ్ బ్రేకు లాగితే జర్రున జారి ఆగింది. లారీకీ మాకూ మధ్య జానెడు జాగా ఉందో లేదో.

ఆయన పక్క సీట్లో ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఈయనే, అందుకే అందరికీ మాస్టారు. నాకు నేర్పిందీ ఈయనే. అప్పట్లో గేరు కాస్త కిర్రుమంటే చెవులు చిల్లులు పడేలా అరిచేవారు. రెండు తుంటికీళ్ళూ అరిగిపోయి స్టీరింగు వదిలేశాక కూడా పక్కన కూర్చుని ఏదో ఒకటి అంటూనే ఉంటారు. ఇవాళ మాత్రం నోరు మెదపలేదు.

"బ్రేకు మెత్తబడిపోయిందండీ. బండి పాతదైపోయింది కదా," అన్నాను.

ఆయన కాసేపు లారీనే చూసి, "అయ్యుంటుంది," అన్నారు.

జూన్ 4, బుధవారం

బ్రేకు బాగానే ఉందట.

మెకానిక్ బండిని పైకెత్తి నాలుగు చక్రాలూ ఊడదీసి చూశాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా తీసుకెళ్ళి నాలుగుసార్లు ఆపి చూపించాడు. ఇంత పాత బండికి ఇంత మంచి బ్రేకు తను చూడలేదన్నాడు. సంతోషపడాల్సిన మాటే. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ షెడ్డులో పట్టపగలే చీకటి. అంత చీకట్లో ఎవరికి ఏం కనిపిస్తుంది?

రేపు ఇంకొకడికి చూపిస్తాను.

జూన్ 5, గురువారం

రెండో మెకానిక్కూ అదే పాట. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని ఉంటారు.

జూన్ 7, శనివారం

స్నానానికి వెళ్తూ మేజోడు తీస్తే రాలేదు, అంటుకుపోయింది. లాగితే చర్మం ఊడివచ్చింది. కుడికాలి వేళ్ళ పక్కన రూపాయి బిళ్ళంత బొబ్బ. లోపల గట్టిపడ్డ మైనం.

పొద్దున అచ్చుల్లో మైనం పోస్తుంటే ఎప్పుడో చుక్క పడి ఉంటుంది. సలసల కాగే మైనం. అది చేతిమీద పడితే ఎలా గంతులేస్తామో నాకు తెలుసు, పెళ్ళికి ముందు నుంచీ చేస్తున్న పని ఇది. కాలిమీద పడితే తెలియలేదు. సాయంత్రం దాకా ఆ కాలితోనే తిరిగాను, ముగ్గురు పళ్ళ డాక్టర్లకు సెట్లు ఇచ్చివచ్చాను, ఎక్కడా ఒక్క చురుక్కు లేదు.

పనిలో పడి చూసుకోలేదు, అంతే. రోజంతా నిలబడి చేసే పని, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మా పని చేసేవాళ్ళందరికీ ఉండేదే. షుగర్ మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. ఈ మధ్య ఒకటి రెండు పూటలు మరిచిపోయి ఉండొచ్చు.

మందు రాసి కట్టు కట్టుకున్నాను. ఆయన అడిగితే చెప్పు కరిచిందన్నాను.

మా అమ్మాయి ఫోన్ చేసింది. దానికి ఆఫీసులో కొత్త డ్యూటీ వేశారట, సెలవులయ్యాక ఇదివరకటిలా పాపను బడి నుంచి తీసుకురమ్మంది. నాకు ఆర్డర్లు మీద పడి ఉన్నాయని చెప్పాను. సెలవులకు ముందూ అదే చెప్పావు కదమ్మా అంది. అవును, అప్పుడూ మీదపడే ఉన్నాయి.

కారు మార్చాలి. ఇంక ఆలోచించేదేం లేదు. ఆ పాతదాన్ని నమ్మి రోడ్డెక్కడం ప్రాణంతో చెలగాటం.

జూన్ 10, మంగళవారం

షోరూములకు వెళ్ళాం. టేపు నేనే పట్టుకెళ్ళాను.

ఆయన కూర్చుంటే తుంటి మోకాలికన్నా పైనే ఉండాలని ఫిజియో డాక్టరు చెప్పింది. ఆయన కారెక్కే పద్ధతి వేరు. వాకర్ పక్కన పెట్టి, వీపు సీటువైపు తిప్పి, ముందు కూర్చుంటారు. తర్వాత నేను ఒక్కో కాలూ రెండు చేతులతో ఎత్తి లోపల పెడతాను. కాబట్టి తలుపు బార్లా తెరుచుకోవాలి, గడప ఎత్తుగా ఉండకూడదు, సీటు అంచు మెత్తగా జారేలా ఉండాలి. మైలేజీ ఎటూ కావాలి. వారానికి రెండుసార్లు పక్క ఊరు, మిగతా రోజులు పళ్ళ డాక్టర్ల చుట్టూ ప్రదక్షిణాలు. పెట్రోలు తాగే బండిని మేపడం మావల్ల కాదు.

ఆ సేల్స్ కుర్రాడికి ఇవేవీ పట్టలేదు. తెర మీద పాటలెలా మారుతాయో చూపించాడు. సీటు ఎత్తెంత బాబూ అంటే రంగులు ఆరున్నాయి మేడం అన్నాడు.

తెల్లది మరీ కిందికి ఉంది. ఆయన కూర్చోగానే బొక్కెన బావిలో పడ్డట్టు పడ్డారు. లేపడానికి నేనూ ఆ కుర్రాడూ చెరో రెక్కా పట్టుకున్నాం. ఆయన నవ్వుతూ, "దీన్ని కొంటే ఇతన్ని కూడా ఇచ్చేయమని అడుగు," అన్నారు. ఎర్రది గుర్రమంత ఎత్తు, ఎక్కడం దగ్గరే ఆగిపోయారు. నీలంది సరిపోయింది. సరిగ్గా తుంటి ఎత్తున సీటు, తలుపు పూర్తిగా వెనక్కి వస్తుంది, మైలేజీ కూడా మంచిదే. ఆయన ముఖం వెలిగింది.

నడిపి చూశాను. బ్రేకు ఎక్కడుందో తెలియడం లేదు. పెడల్ మరీ చిన్నది. మనుషుల కాళ్ళు కొలిచి చేసినట్టు లేదు.

అదే చెప్పాను. కుర్రాడు కిందికి వంగి పెడల్ చూసి, అన్ని కార్లకూ అంతే ఉంటుంది మేడం అన్నాడు. ఆయన నావైపు చూశారు. ఇంకోటి చూద్దాంలే అన్నారు.

జూన్ 13, శుక్రవారం

ఇవాళ ఫిజియోకి పాత బండిలోనే వెళ్ళాం. వేరే దారి లేదు.

చెప్పులు విప్పేసి ఒట్టి కాళ్ళతో నడిపాను. పాదానికి పెడల్ తెలుస్తుందేమోనని. తెలియలేదు. బొబ్బ కట్టు అడ్డొచ్చి ఉంటుంది. అందుకని కిందికి చూసి నడిపాను. రోడ్డు చూడటం, కాలు చూడటం, రోడ్డు, కాలు. కాలు పెడల్ మీద ఉందని కంటితో చూశాకే తొక్కుతున్నాను. ఇలా ఎవరైనా నడుపుతారా?

పైగా ఈయనగారి సణుగుడు. సిగ్నల్ వస్తోంది, ఇప్పుడే కాలు తీయి. అదుగో బస్సు ఆగేలా ఉంది, మెల్లగా, ఇప్పట్నుంచే మెల్లగా. ఊరు ఊరంతా ఎక్కడ ఏ గొయ్యి ఉందో వల్లిస్తూనే ఉన్నారు. నోరు కాసేపు మూస్తారా అని కసిరాను. మూయలేదు. ముసలితనం వచ్చేకొద్దీ మనిషికి చాదస్తం పెరుగుతుంది కాబోలు.

జూన్ 15, ఆదివారం

అమ్మాయి, పాప వచ్చారు. అమ్మాయి ఫోన్లోనే కార్లన్నీ చూసి రెండు ఎంచింది, రెండూ దానికి నచ్చినవి. నాన్న సౌఖ్యమే కదా ముఖ్యం, ఆ నీలందే తీసుకోవచ్చుగా, దేనికి వంకలు పెడుతున్నావ్ అని నామీదకు వచ్చింది. నడిపేది నేను అన్నాను. నువ్వు నడపలేని బండి ఉందా అంది.

పాప నా ఒళ్ళో కూర్చుని, "అమ్మమ్మా, నీ కారులో నన్నెందుకు ఎక్కించుకోవట్లేదు?" అని అడిగింది.

కొత్త కారు రానీ అన్నాను. అందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది. ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుని, పళ్ళు సానబట్టే బల్లదగ్గర కూర్చుని కాలు చూసుకున్నాను. పిన్ను తీసుకుని గుచ్చుకున్నాను. మడమ దగ్గర తెలిసింది. మధ్యలో కొంచెం. వేళ్ళ దగ్గర ఏమీ లేదు. గట్టిగా గుచ్చాను, రక్తం వచ్చింది. నా రక్తమే, నా కాలే. ఎవరిదో చూస్తున్నట్టు చూశాను. చాలా భయం వేసింది.

చలికి కాలు బిగుసుకుందని అప్పుడు అనుకున్నాను. ఎండాకాలమూ అయిపోవచ్చింది, తగ్గలేదు.

జూన్ 17, మంగళవారం

బూడిద రంగు కారు. సీటు బాగుంది, తలుపు బాగుంది, మైలేజీ అన్నిటికన్నా బాగుంది. బ్రేకు బాగాలేదు.

జూన్ 20, శుక్రవారం

బక్కోడు వచ్చాడు. ఆయన దగ్గర మొదట్లో నేర్చుకున్నవాళ్ళలో ఒకడు, ఇప్పుడు స్కూలు వాడే నడుపుతున్నాడు. పేరు బక్కోడు గానీ పొట్ట తలుపులో పట్టడం లేదు. స్కూలుకు కొత్త బండ్లు కొంటున్నాడట, పాతవాటిలో ఒకటి అమ్మేస్తానన్నాడు. ఆయనే ఫోన్ చేసి పిలిపించారని తర్వాత తెలిసింది.

చిన్న బండి, కాస్త ఎత్తు. ఆయన వీపు తిప్పి కూర్చోగానే కాళ్ళు వాటంతటవే లోపలికి వెళ్ళినంత పని అయింది. నా చేతుల అవసరమే పడలేదు. మైలేజీ బూడిద రంగుదానంత లేదు గానీ మేపలేనంతా లేదు. ఒకటే చిక్కు, డ్రైవింగ్ స్కూలు బండి కదా, పక్క సీటు కింద కూడా బ్రేకు పెడల్ ఉంది. నేర్చుకునేవాడు తప్పు చేస్తే మాస్టారు తొక్కేది. నాకు ఒళ్ళు మండింది. నేనేం నేర్చుకునే పిల్లనా?

"ఆ పెడల్ ఇప్పుడు పనిచేయదులే. లోపల కడ్డీ తీసేశాడు, ఒట్టి అలంకారం," అన్నారు ఆయన.

బక్కోడు ఏదో అనబోయి ఆయన ముఖం చూసి ఊరుకున్నాడు. నాలుగురోజులు ఉంచుకుని నడిపి చూడమని తాళాలు ఇచ్చి వెళ్ళాడు.

జూన్ 22, ఆదివారం

ఏం బండి. ఏం బ్రేకు.

పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం, రోడ్లు ఖాళీగా ఉంటాయని. మొదటి మలుపు దగ్గర భయం భయంగానే తొక్కాను. మెత్తగా, వెన్నలో కత్తి దిగినట్టు ఆగింది. రెండో మలుపు. మూడోది. కుక్క అడ్డొచ్చింది, తొక్కేలోపే ఆగిపోయినంత పని చేసింది. ఇంజిన్ మాత్రం అక్కడక్కడ గీపెడుతోంది, అలవాటు లేని బండి కదా. కిందికి ఒక్కసారి కూడా చూడలేదు. కాలికి పెడల్ తెలుస్తున్నట్టే ఉంది. నిజంగా తెలుస్తోంది. కిందికి దిగుతుంటే పాదం దానితోపాటు దిగుతోంది.

అదే నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది. లోపం బండిలో, నాలో కాదు.

ఆయన ఎందుకో అలసిపోయారు. ఇంటికి రాగానే కాలు లాగుతోందని పడుకున్నారు. కూర్చుని ఊరేగినవాళ్ళకు కాలు లాగడమేమిటని నవ్వాను.

జూన్ 24, మంగళవారం

ఫిజియోకి వెళ్ళివచ్చాం. రానూపోనూ ఒక్క తడబాటు లేదు. లారీ ఆగిన ఆ సిగ్నల్ దగ్గర కూడా. బతికి బయటపడ్డట్టుంది.

అమ్మాయికి ఫోన్ చేశాను. గురువారం నుంచి పాపను నేనే తీసుకొస్తానని చెప్పాను. అది సంతోషపడింది, నేను ఇంకా సంతోషపడ్డాను.

ఆయన మాత్రం ముఖం మాడ్చారు. నేనూ వస్తానన్నారు. బడి దాకా రావడానికి మీరెందుకు, ఎక్కించి దించేసరికి పాప అక్కడ ఒక్కతే నిలబడాలి అన్నాను. వస్తానన్నాను కదా అని గట్టిగా అన్నారు. తుంటి నొప్పి తెచ్చుకోవడమేగానీ ఏం లాభం అంటే పళ్ళెం పక్కకు నెట్టి లేచిపోయారు. ఇంత మొండితనం ఈయనలో ఎప్పుడూ చూడలేదు.

కొంచెం భయం వేసింది. ఎందుకో తెలియదు.

జూన్ 26, గురువారం

అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు బయల్దేరాను. చెప్పకుండా. వాకర్ పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళే మనిషి బయటికి రావడానికి చాలాసేపు పడుతుందని తెలిసే బయల్దేరాను. గేటు తీస్తుంటే లోపల్నుంచి పిలిచారు. వినిపించుకోలేదు.

మా వీధిలో ఆపాల్సిన పని పడలేదు. పెద్దరోడ్డు ఎక్కేచోట పడింది. తొక్కాను. ఆగలేదు. మళ్ళీ తొక్కాను. ఇంజిన్ గీపెట్టింది, బండి దూకింది. ఒక సైకిల్ అతను పక్కకు దూకడం కనిపించింది. స్టీరింగు ఎటు తిప్పానో నాకు తెలియదు. ఇల్లు కడుతున్నచోట రోడ్డు పక్కన పోసిన ఇసుక కుప్పలోకి వెళ్ళి దిగబడింది. ఆ కుప్ప లేకపోతే ముందు ఏముందో రాయను. బడి ఆ మలుపు తిరిగితే అక్కడే. పిల్లల్ని వదిలే వేళ.

సైకిల్ అతను వచ్చి దెబ్బలు తగిలాయా అమ్మా అని అడిగాడు. నన్ను తిట్టనైనా లేదు. నేను కిందికి చూశాను. నా కుడికాలు పెట్రోలు పెడల్ మీద ఉంది. అంచు మాత్రమే బ్రేకుకు ఆనుతోంది. కంటితో చూస్తున్నాను, కాలు అక్కడ ఉందని కాలు చెప్పడం లేదు.

ఇంజిన్ ఆపి, పక్క సీటు వైపు వంగి, ఆ కింద ఉన్న పెడల్ని అరచేత్తో నొక్కాను. నా వైపు పెడల్ కిందికి పోయింది. వదిలాను. పైకి వచ్చింది. నొక్కాను. పోయింది. కడ్డీ ఎవరూ తీయలేదు. అన్నీ బిగించే ఉన్నాయి.

ఆదివారం మెత్తగా ఆగిన ప్రతి మలుపూ ఆయనదే. కుక్క దగ్గర ఆపింది ఆయన. మంగళవారం లారీ సిగ్నల్ దగ్గర ఆపింది ఆయన. నా కాలికిందున్న పెడల్ని ఆయన దించుతుంటే పాదం దాంతోపాటు దిగింది, నేనే తొక్కానని మురిసిపోయాను.

బండి అక్కడే వదిలేసి నడిచివెళ్ళి పాపను తీసుకొచ్చాను. చెయ్యి గట్టిగా పట్టుకున్నావ్ అమ్మమ్మా, నొప్పి అంది. వదలలేకపోయాను.

జూన్ 27, శుక్రవారం

నిన్న మిగతాది రాయలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నారు. తల తుడుచుకోలేదు, చొక్కా గుండీలు పెట్టుకోలేదు, వాకర్ మీద వాలిపోయి. పాపను చూశారు, నన్ను చూశారు, బండి లేకపోవడం చూశారు. అక్కడే గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

పాపకు పాలిచ్చి టీవీ ముందు కూర్చోబెట్టి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఎందుకు దాచారు, ఎప్పట్నుంచి తెలుసు అని అడిగాను. మామూలుగా అడుగుదామనుకున్నాను గానీ గొంతు పెద్దదైంది.

"పాపను ఎక్కించుకోవడం ఎప్పుడు మానేశావో అప్పుడే తెలిసింది," అన్నారు.

ఆయన కోపంగా అనలేదు. అదే బాధ. ఇంకో మాట కూడా అన్నారు. "నన్ను ఎక్కించుకోవడం మాత్రం మానలేదు నువ్వు. సరే, నాతో పోతే పోనీ అనుకున్నాను."

నిజమే కదా. పాపను ఎక్కించుకోలేనంత భయం ఉంది నాకు. అంటే తెలుసు. నాకు మొదట్నుంచీ తెలుసు. తెలిసే ఆయన్ని కూర్చోబెట్టుకుని, ఆయన కాళ్ళు నా చేతులతో ఎత్తి లోపల పెట్టి, తలుపేసి, ఆ రోడ్డు మీదకి తీసుకెళ్ళాను. బెల్టు కూడా నేనే పెట్టాను.

నాకు చెప్పి ఉండాల్సింది అన్నాను. చెబితే నడపడం మానేస్తావు, మానేస్తే నీ పని పోతుంది, నా నడకా పోతుంది, రెండూ పోతే మనిద్దరం ఈ రెండు గదుల్లో ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటూ కూర్చోవాలి, దానికి భయపడ్డానన్నారు. తుంటి పోయినా మడమ ఆనించి పాదంతో పెడల్ నొక్కడానికి ఏం కష్టం, నేను మలుపులన్నీ చూసుకుంటాను, నువ్వు స్టీరింగు చూసుకో, ఇద్దరం కలిస్తే ఒక మంచి డ్రైవరు అవుతామనుకున్నారట. బుద్ధి ఉండాల్సింది నాకు, అన్నీ తెలిసినవాణ్ణి, నువ్వు ఒంటరిగా పోతావని మాత్రం ఆలోచించలేదు అన్నారు. మంగళవారం పళ్ళెం ఎందుకు నెట్టారో అప్పుడు అర్థమైంది.

ఆయన తల నేనే తుడిచాను.

అమ్మాయి వచ్చాక మొత్తం చెప్పేశాను. సైకిల్ అతని సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. అది పాపను ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

జూన్ 30, సోమవారం

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కాలి నరాలు షుగర్ వల్ల దెబ్బతిన్నాయంది. మందులు, పథ్యం బాగా పాటిస్తే ఇంతకన్నా ముదరకుండా ఆగొచ్చు, పోయింది తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనంది. కారు సంగతి అడగకుండానే, నడపకూడదంది. ఇది ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగితే ఈ మధ్యే అన్నాను. ఆయన నావైపు చూశారు. చలికాలం నుంచి అని సరిచేశాను.

రోజూ రాత్రి రెండు కాళ్ళూ అద్దం పెట్టి చూసుకోవాలట. ఎక్కడైనా కోసుకుంటే నాకు తెలియదు కదా.

జూలై 1, మంగళవారం

ఫిజియోకి వెళ్ళలేదు.

బక్కోడు ఇసుకలోంచి బండి తీయించుకున్నాడు. ముందు లైటు ఒక్కటే పోయింది. వచ్చి నా ముందు తల దించుకుని నిలబడ్డాడు, మాస్టారు చెప్పొద్దంటే ఊరుకున్నానమ్మా అన్నాడు. వాణ్ణి తిట్టడానికి నాకు ముఖమెక్కడిది? పాత కారు తాళం కూడా తీసుకుపొమ్మని వాడికే ఇచ్చేశాను.

సెట్లు తీసుకెళ్ళడానికి డాక్టర్లను మనుషుల్ని పంపమని అడిగాను. కొందరు సరేనన్నారు. దూరంగా ఉన్న ఇద్దరు వేరేచోట చూసుకుంటామన్నారు. వాళ్ళలో పెద్దాయన దగ్గరికి అమ్మాయి పుట్టకముందు నుంచీ వెళ్తున్నాను. ఫోన్ పెట్టేశాక బల్ల దగ్గర కూర్చుని కాస్త ఏడ్చాను. పని చేసే చేతులు బాగానే ఉన్నాయి, వాటికేం కాలేదు.

ఇకమీద ఎలా గడుస్తుందో తెలియదు. భయంగానే ఉంది. కాకపోతే ఈ భయాన్ని ఆయనకు చెప్పుకోవచ్చు.

జూలై 4, శుక్రవారం

అమ్మాయి అద్దె కారు మాట్లాడింది. మంగళవారం, శుక్రవారం వచ్చి తీసుకెళ్ళి తీసుకొచ్చేలా. ఒకావిడ నడుపుతుంది, నలభై దాటి ఉంటాయి, తక్కువ మాటల మనిషి. సీటు సరిగ్గా తుంటి ఎత్తున ఉంది. వెనక తలుపు బార్లా తెరుచుకుంటుంది. ఆయన వీపు తిప్పి కూర్చున్నారు, నేను ఒక్కో కాలూ ఎత్తి లోపల పెట్టాను. ఊరుకోలేక మైలేజీ ఎంతొస్తుందని అడిగాను. చెప్పింది. బాగానే వస్తోంది.

తర్వాత నేను అటువైపు తిరిగివెళ్ళి ఆయన పక్కన, వెనక సీట్లో కూర్చున్నాను. మా పెళ్ళైన ఇన్నేళ్ళలో ఒక కారులో ఇద్దరం వెనక కూర్చున్నది ఇదే మొదటిసారి అనుకుంటా. ఎప్పుడూ మాలో ఒకరి చేతిలో స్టీరింగు ఉండేది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దరోడ్డు ఎక్కాం. ముందు ఒక లారీ ఆగింది. నేను ముందు సీటు వీపు గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ మెల్లగా ఆపింది.

మలుపు వస్తోంది, గొయ్యి ఉంది, మెల్లగా అని ఆయన ఇంకా ఏమీ అనలేదేమిటా అని పక్కకు తిరిగాను.

నిద్రపోతున్నారు. తల నా భుజం మీదికి వాలింది, నోరు కాస్త తెరుచుకుంది, కాళ్ళు రెండూ వదులుగా పడి ఉన్నాయి. చలికాలం నుంచి నా పక్కన కూర్చుని వెళ్ళిన అన్నిసార్లలో ఈ మనిషి ఒక్కసారి కూడా కన్ను మూయలేదు. ఇవాళ ఊరు దాటకముందే గురక పెడుతున్నారు.

పక్క ఊరు వచ్చేదాకా నేను కదలలేదు.